బంగారు బూజు – క్రిముల మర్మస్థానములు



భారతయుద్ధపు తుదినాడు భీమదుర్యోధనులకు జరిగిన గదాయుద్ధమును మీరందఱు నెఱుగుదురు. భీమునకు బలము తక్కువ లేదు. గదకు బరువు తక్కువ లేదు. అయినను తొడ చఱచి సైగ చేయువఱకు దెబ్బ యెచ్చట పడవలెనో యాతనికి తోచలేదు. బలము వేఱు, మర్మ మెఱుగుట వేఱు. రోగక్రిములతో మనుష్యుడు చేయుచున్న యుద్ధమునందును ఇదియే ధర్మము. ఫలానా మందు క్రిమిని చంపునని తెలియుట యొక యెఱుక. ఆ క్రిమి దేహమున నే భాగముపై ఆ మందు దెబ్బ తీయుచున్నదో తెలియుట మఱియొక యెఱుక. మొదటిది ముందుగ లభించినది. రెండవది చాల ఆలస్యముగ లభించినది. ఆ రెండవ యెఱుక లభించిన విధమే నేటి నా ప్రసంగవిషయము.

ఈ చరిత్రలో మొదట నొక తెలుగువాని పేరు వచ్చును. చివరకు మన గుంటూరు, ప్రకాశము సీమల ప్రత్తిచేలు, మిరపతోటలు వచ్చును. నేను తెలుగుపండితుడను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణము, ఛందస్సు చెప్పి విరమించినవాడను. కావున విషయము శాస్త్రమైనను మాట మన పొలము గట్టు మాటగనే యుండును.

మందునకు గుఱి యుండవలెనను ఆలోచన జర్మనీ దేశీయుడగు పాల్ ఎర్లిక్ అను వైద్యునిది. అద్దకమువాడు ఒక రంగు నూలునకు పట్టి పట్టునకు పట్టకపోవుట చూచునట్లు, ఆయన కొన్ని రంగులు కొన్ని క్రిములకే పట్టుట చూచెను. అట్లే క్రిమిని మాత్రము పట్టి చంపి, మనుష్యుని విడుచు మందు ఉండితీరవలెనని యూహించెను. 1909లో ఆయన ప్రయోగశాలయందు సవాయిరోగమునకు పనిచేయు మందు బయటపడెను. అది 606 అను అంకె గల మిశ్రమము. 1928లో ఇంగ్లండున ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను గుర్తించెను. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు ఆయన శిష్యుడు షాట్జ్, మట్టిలోని జీవినుండి స్ట్రెప్టోమైసిన్ తీసెను. అది క్షయరోగమునకు మందయ్యెను.

మట్టిలోని జీవి యనగా నేమో మన సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తొలకరి చినుకు పడగానే నల్లరేగడినుండి యొక కమ్మని వాసన లేచును గదా! ఆ వాసనను పుట్టించువానిలో ముఖ్యమైనది స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవుల జాతి. చూపునకు బూజువలె దారములు దారములుగ నల్లుకొనును గాని, కులమునకు బాక్టీరియాయే. నేలలో తమ చుట్టునుండు ఇతర క్రిములపై ప్రయోగించుటకు ఇవి నానావిధములైన విషములను తయారుచేసికొనును. మనుష్యుడు వాడుకొనుచున్న ఆంటీబయాటిక్ మందులలో పెక్కులు వీనివద్ద నెరవు తెచ్చుకొన్నవే.

ఇపుడు మన తెలుగువాని కథ. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షను మూడవమాఱు గాని దాటలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించుటచే ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గుఱియైరి. పెద్ద పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. పట్టముతోనే బయటికి వచ్చిరి. తోబుట్టువుల మరణము ఆయనను కలచివేసెను. ‘స్ప్రూ’ అను గ్రహణివంటి రోగము వారి యింటినుండి ప్రాణములు తీసికొనిపోయినది. 1923లో బోస్టను చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేసిరి. 1929లో ఫిస్క్ అను నాచార్యునితో గూడి ఏ. టి. పి. అను శక్తిద్రవ్యమును వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. జీవకణమున జరుగు ప్రతి పనికి ఈ ద్రవ్యమే రొక్కమువంటిది. దీనిని గుర్తుంచుకొనుడు, మరల దీనితో పని పడును.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను నూర గల లెడర్లే ప్రయోగశాలలో చేరి, కొలది కాలమునకే పరిశోధనశాఖకు అధిపతియైరి. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు జ్వరమునకు హెట్రజాన్ అను మందు, పసిపిల్లల రక్తపుపుట్టపై మొదట పనిచేసిన మందు, ఇవన్నియు ఆయన యాజమాన్యమున వెలువడినవే. ఆయన పిలిపించుకొన్న వారిలో బెంజమిన్ డగ్గర్ ఒకడు. వృక్షరోగములను బోధించి, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొంది, డెబ్బదేండ్లు దాటిన వృద్ధుడు. విశ్రాంతి పొందినవానికి పని యుండదని తలచువారు ఈ యుదంతమును చిత్తగింపవలెను. డగ్గర్ పలు తావులనుండి మట్టి తెప్పించి పరీక్షించుచుండగా, 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బర్న్ పరిశోధనక్షేత్రమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల యొక స్ట్రెప్టోమైసిస్ దొరకెను. దాని మందునకు బంగారమను నర్థము వచ్చునట్లు ఆరియోమైసిన్ అని పేరిడిరి. 1948 జులైలో దానిని పండితసభయందు ప్రకటించిరి. మఱుసటి నెలలోనే సుబ్బారావుగారు ఏబదిమూడవయేట కన్నుమూసిరి. కనుగొన్నవాడు డగ్గర్, పని నడిపించిన యధిపతి సుబ్బారావుగారు. ఎవరి పాలు వారికిచ్చుట న్యాయము. 1995లో, శతజయంతి వత్సరమున, భారతప్రభుత్వము సుబ్బారావుగారి తపాలాబిళ్లను వెలువరించినది.

ఆరియోమైసిన్ వంశమునకే తరువాత టెట్రాసైక్లిన్‌లని పేరు వచ్చెను. ఈ మందు క్రిమిలో నెచ్చట తగులుచున్నది? ప్రతి కణములోను మాంసకృత్తులను నేయు మగ్గములు కలవు. వానికి రైబోసోములని పేరు. చీరాలలో, మంగళగిరిలో మగ్గము చూచినవారికి ఈ మాట సులభము. టెట్రాసైక్లిన్ వెళ్లి, క్రొత్తపోగు వచ్చి చేరవలసిన చోట నడ్డుపడును. నేత నిలిచిపోవును, క్రిమి పెరుగుట మానును. ఆ యడ్డుపడు చోటును కంటికి కట్టినట్లు పటము వ్రాసి చూపుట 2000వ సంవత్సరమునకు గాని సాధ్యపడలేదు. మందు పుట్టిన ఏబదియేండ్లకు దాని దెబ్బ యెచ్చటనో పూర్తిగ తెలిసెనన్నమాట!

క్రిమియు నూరకుండలేదు. 1950ల తరువాతి సగమున జపానులో రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా క్రిములు కొన్ని, సల్ఫా మందులకు, స్ట్రెప్టోమైసిన్‌కు, టెట్రాసైక్లిన్‌కు, క్లోరాంఫెనికాల్‌కు గూడ లొంగకుండెను. ఒక మందునకు లొంగకుండుట అర్థమగును. నాలుగింటికి ఒకేమాఱు లొంగకుండుట యెట్లు? ఆ శక్తి యొక క్రిమినుండి పొరుగు క్రిమికి చేబదులువలె చేరుచున్నదని జపాను శాస్త్రజ్ఞులు 1959లో నిరూపించిరి. అది వలయాకారమైన చిన్న జన్యుమాలిక. క్రిములు ఒండొంటిని తాకి దానిని పంచుకొనుచున్నవి. ఆ మాలికలోని యొక తునక టెట్రాసైక్లిన్‌ను ధిక్కరించు విద్య. ఆ విద్య యెట్టిదో విప్పి చూచినపుడే మన కథకు కీలకము దొరకెను.

దానికి ముందొక మెట్టు చెప్పవలెను. జన్యువనగా ఒక మాంసకృత్తును తయారుచేయు విధానమును వ్రాసియుంచిన తాటియాకువంటిది. కణమున వేలకొలది యాకులు కలవు. అన్నియు నెల్లప్పుడు చదువబడవు. పారిసులో జాకబ్, మోనో అను నిద్దఱు 1961లో దీని మర్మమును తెలిపిరి. క్రిమి తనకు పాలచక్కెర దొరకినపుడే, దానిని జీర్ణించు మాంసకృత్తుల యాకును తెఱచి చదువును. లేనపుడు ఆ యాకుపై నొక కాపరి కూర్చుండి చదువనీయడు. ఈ సిద్ధాంతమునకు లువోఫ్‌తో కలిపి వారికి 1965లో నోబెల్ బహుమానము వచ్చెను.

సాగరు కుడికాలువ క్రింద సేద్యము చేయువారికి తూము సంగతి తెలియును. కాలువలో నీరెంతయున్నను తూము తలుపు మూసియున్న పొలమునకు చుక్క రాదు. లస్కరు తలుపెత్తినంతమేరకే నీరు పాఱును. టెట్రాసైక్లిన్‌ను ధిక్కరించు విద్యయందును సరిగ నిట్టి తూమే కలదు. లోనికి వచ్చిన మందును బయటికి తోడిపోయు నొక పంపు, ఆ పంపు జన్యువుపై కూర్చున్న యొక తలుపు, ఈ రెండే దాని సామగ్రి. 1980లో అమెరికాలో స్టువర్ట్ లెవీ ప్రయోగశాలవారు క్రిమి మందును బయటికి తోడుచున్నదని చూపిరి. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయపు హిలెన్, ఆయన తోడివారు తలుపు నడకను పరిశోధించిరి. మందు లేనపుడు తలుపు మూసియుండును, పంపు తయారుకాదు. వృథాగ పంపు నడపుట క్రిమికే భారము. మందు లోనికి రాగానే అది పోయి తలుపునే పట్టుకొనును, తలుపు జాఱును, పంపు తయారగును, మందు బయటికి పోవును. ఇంటిలోనికి వచ్చిన దొంగయే ఇంటివారిని మేలుకొల్పినట్లు! మందును పట్టుకొన్న ఆ తలుపు ఆకృతిని 1994లో పటముగ వెల్లడించిరి.

శాస్త్రజ్ఞుని బుద్ధి యిచ్చటనే మెచ్చదగినది. తలుపు క్రింద పంపు జన్యువే యుండవలెనను నియమమేమున్నది? దానిని తీసివేసి, మనకు కావలసిన మఱియొక జన్యువు నచ్చటనుంచినచో? టెట్రాసైక్లిన్ తాళపుచెవి యగును, మనము లస్కరులమగుదుము. మందు కొంచెము వేసిన తలుపు కొంచెము లేచును. ఎక్కువ వేసిన నెక్కువ లేచును. దీనికి అన్‌హైడ్రోటెట్రాసైక్లిన్ అను దాయాదిని వాడుదురు. అది తలుపును గట్టిగ పట్టును గాని, వాడు మోతాదులో క్రిమిని బాధింపదు. 1997లో హైడెల్‌బర్గునందు లుట్జ్, బుయార్డ్ అను వారు పేగుక్రిమియగు ఈకోలైలో ఇట్టి తూములను కూర్చి, జన్యువు పనిని 5000 రెట్ల వ్యత్యాసమువఱకు తగ్గించి పెంచవచ్చునని చూపిరి. అంతకు రెండేండ్ల ముందు, 1995లో, బెక్‌విత్ ప్రయోగశాలవారు అరబినోస్ అను చక్కెరతో నడచు మఱియొక తూమును సిద్ధపఱచిరి.

ఈ తూములవలన మర్మస్థాన మెట్లు తెలియును? మూడు పరీక్షలు కలవు.

మొదటిది, తలుపు పూర్తిగ మూయుట. క్రిమి యొక జన్యువును పుట్టుకతోనే తీసివేసి చూతమన్న, ముఖ్యమైన జన్యువైనచో ఆ క్రిమి బ్రతుకనే బ్రతుకదు. చచ్చినదానిని పరీక్షించి ప్రయోజనమేమి? తూము క్రింద నుంచినచో, మొదట నీరిచ్చి పెంచి, పిదప తలుపు మూసి చూడవచ్చును. క్రిమి క్షీణించినచో అది మర్మస్థానము. అక్కడ దెబ్బ కొట్టు మందును వెదకవచ్చును. 2001లో చీముక్రిమియగు స్టెఫిలోకాకస్‌పై ఇట్టి తూముతో జన్యువులను ఒక్కొక్కటిగ నణచి, క్రిమికి ప్రాణాధారములైనవానిని గుర్తించిరి. అందులో ఏమి పని చేయునో అంతవఱకు తెలియని జన్యువులును పెక్కు బయటపడెను.

రెండవది, తలుపు సగము మూయుట. మిరపతోటలో ఒక సాలునకు నీరు తగ్గినదనుకొనుడు. మిగిలిన సాళ్లు తట్టుకొను ఎండకే ఆ సాలు వాడిపోవును. అట్లే ఒక మాంసకృత్తు తక్కువగనున్న క్రిమి, ఆ మాంసకృత్తుపై దెబ్బ తీయు మందునకు స్వల్పమోతాదులోనే పడిపోవును. మెర్క్ సంస్థవారు కొవ్వుపదార్థమును కూర్చు నొక జన్యువును అణచిన స్టెఫిలోకాకస్‌ను, మామూలు స్టెఫిలోకాకస్‌ను ప్రక్కప్రక్కనే పెంచి, 2,50,000 మట్టిజీవుల కషాయములను పరీక్షించిరి. దక్షిణాఫ్రికా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్‌నుండి తీసిన యొక కషాయము బలహీనమైన క్రిమినే విశేషముగ చంపెను. అట్లు బయటపడిన ప్లాటెన్సిమైసిన్‌ను 2006లో ప్రకటించిరి. దేహమున నిలుకడ చాలమిచే అది మందులయంగడికి రాలేదు. కాని తూము చూపిన దారి సరియైనదని ఋజువయ్యెను.

మూడవది, తలుపు బార్లా తెఱచుట. గుఱియైన మాంసకృత్తు ఎక్కువైనచో దానిని అణచుటకు మందు నెక్కువ వేయవలసివచ్చును. కాని దీనితోనే తీర్పు చెప్పరాదు. మందును బయటికి తోయు పంపు ఎక్కువైనను క్రిమి అట్లే తట్టుకొనును గదా! ఒక్క సాక్షి మాటపై మన పెద్దలు తగవు తీర్చరు. మందునకు లొంగని సంతతిలో నే జన్యువు మాఱినదో చూతురు. మందు ఆ మాంసకృత్తును నిజముగ పట్టుచున్నదో చూతురు. సాక్ష్యములన్నియు కలిసినపుడే నిర్ణయము.

క్షయక్రిమి విషయమున ఈ విద్య మిక్కిలి పనికివచ్చినది. 2005లో ఆ క్రిమియందును టెట్రాసైక్లిన్ తూమును నెలకొల్పిరి. 2007లో వ్యాధి సోకిన ఎలుకల దేహములోనే ఆ తూమును నడపి చూచిరి. పాడైన మాంసకృత్తులను త్రుంచు నొక యంత్రము లేనిచో క్షయక్రిమి ఎలుకలో చిరకాలము నిలువజాలదని తేల్చిరి. గాజుపాత్రలో పెరుగు క్రిమికి ప్రాణాధారమైనది వేఱు, దేహమున దాగిన క్రిమికి ప్రాణాధారమైనది వేఱు కావచ్చును. జ్వరపడినవాని గుణము జ్వరమున్నప్పుడే చూడవలెను.

ఇచ్చట ఏ. టి. పి. మాట మరల వచ్చుచున్నది. బెడాక్విలిన్ అను క్రొత్త క్షయౌషధము 2012లో అమెరికాలో అనుమతి పొందినది; మన దేశపు క్షయనివారణ కార్యక్రమమున 2016లో ప్రవేశించినది. దాని గుఱి, క్షయక్రిమిలో ఏ. టి. పి.ని తయారుచేయు యంత్రము! ఈ గుఱి తెలిసినది తూమువలన గాదు; మందునకు లొంగని క్రిముల జన్యువులను చదువుటవలన. అయినను 1929లో ఒక తెలుగువాడు వెల్లడించిన ద్రవ్యము, ఎనుబది యేండ్లు దాటిన పిదప మందులకు లొంగని క్షయను గెలుచుటకు గుఱియై నిలిచినది. విద్య వృథాపోదు.

మన హైదరాబాదులోను ఈ మర్మాన్వేషణము జరుగుచున్నది. 1977లో స్థాపితమైన సి. సి. ఎం. బి. అను పరిశోధనాలయమున మంజులా రెడ్డిగారు ఈకోలై క్రిమి గోడను పరిశోధించిరి. ఆ గోడ వలవంటిది. క్రిమి పెరుగవలెనన్న వలను అక్కడక్కడ కత్తిరించి క్రొత్త పోగులు చేర్చవలెను. ఆ కత్తెరపని చేయు మాంసకృత్తులు మూడింటిని ఆమె బృందము 2012లో గుర్తించి, మూడును లేనిచో క్రిమి బ్రతుకజాలదని చూపెను. పెనిసిలిన్ దెబ్బ తీయునది గోడ నేతపైననే. కత్తెరపనియు మర్మస్థానమేయని దీనివలన తెలిసెను. ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమానము లభించెను.

ఇక మన పొలములకు వత్తము. ప్రత్తికి నల్లమచ్చ తెగులు, మిరపకు బాక్టీరియా ఆకుమచ్చ తెగులు వచ్చినపుడు 10 లీటర్ల నీటికి 1 గ్రాము చొప్పున ఒక పొడిని, కాపర్ ఆక్సీక్లోరైడుతో కలిపి చల్లుట మన సీమలో చిరకాలపు వాడుక. ఆ పొడి యేమో చాలమంది యడుగరు. అందు తొమ్మిది పాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒక పాలు టెట్రాసైక్లిన్. అనగా వాక్స్‌మన్ శిష్యుడు క్షయరోగికొఱకు తీసిన మందు, సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టిన మందు వంశము, రెండును కలిపి మనము చేలపై చల్లినాము! చల్లినది ఆకుపైననే నిలువదు, నేలకు దిగును. నేలలో క్రిములు కోటానుకోట్లు. వానికి ఆ మందు తూము తలుపెత్తు తాళపుచెవియే. పంపు గల క్రిమి బ్రతుకును, లేనిది చచ్చును. బ్రతికినది తన జన్యుమాలికను పొరుగుదానికి పంచును. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఈ రెండు మందులను సేద్యమున క్రమముగ నిలిపివేయ సంకల్పించి ముసాయిదా వెలువరించినది. ప్రభుత్వమెట్లు చేసినను, మన బుద్ధి మనకుండవలెను. తెగులు లేని చేని విత్తనము, పంటమార్పిడి, తెగులు సోకిన మోళ్లను తొలగించుట మన చేతిలోని పనులు. సందేహమున్నచో గుంటూరు ప్రక్కనే లాం పరిశోధనస్థానము కలదు, వెళ్లి యడుగుడు.

ఇంటి సంగతియు నంతియే. జ్వరము రాగానే మందులయంగడిలో రెండు గుళికలు కొని మ్రింగి, ఒళ్లు తేలికపడగానే మానివేయుట మన పల్లెలలో నున్నది. జలుబునకు, వైరస్ జ్వరములకు ఈ గుళికలు పనిచేయవు. వైద్యుడు వ్రాసినపుడే వాడవలెను, వ్రాసినన్నాళ్లు వాడవలెను, మిగిలినవి దాచి పొరుగువారికి ఈయరాదు.

శాస్త్రజ్ఞులు క్రిమి యొక్క ధిక్కారవిద్యనే తూముగ మార్చి, దాని మర్మమును దానిచేతనే చెప్పించుచున్నారు. ఇది మనుష్యబుద్ధికి గొప్ప విజయము. కాని తొడ చఱచి సైగ చేయుటకు పండితులకు పదులయేండ్లు పట్టుచున్నది. ఆ సైగను వ్యర్థము చేయుటకు క్రిమికి మన యజాగ్రత్త చాలును. భూమిలోని బంగారమును త్రవ్వితీయు పనిని నడిపించినవాడు మన తెలుగువాడు. దానిని మట్టిపాలు చేయక మనుమల కందించు భారము మనది.